కుండ చెప్పిన లెక్క

పిల్లలూ! రాఖీ పున్నమికి నా మనుమలు ముగ్గురూ జగిత్యాలలో మా ఇంట చేరారు. సిరిసిల్ల మనుమడి తండ్రికి మరమగ్గాలున్నాయి. మన వైపు వాటిని సాంచాలంటారు. కరెంటు లేకపోతే అవి ఆడవు. కోరుట్ల మనుమరాలి తండ్రికి కాలువ కింద వరి పొలం ఉంది.

"పోచంపాడు సగం నిండిందట. ఇప్పుడే నీళ్ళు వదిలి కరెంటు తీయవచ్చు కదా!" అన్నాడు సిరిసిల్లవాడు.

"ఇప్పుడే వదిలేస్తే యాసంగికి మా పొలానికి నీళ్ళెక్కడివి?" అంది కోరుట్ల పిల్ల.

మాటా మాటా పెరిగింది. జగిత్యాల మనుమడు నా దగ్గరకు వచ్చి, "తాతా, ఇంకా వరద వస్తుందా, రాదా? అది చెబితే తగవు తీరిపోతుంది," అన్నాడు.

"అది చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. కాని లెక్క వేయవచ్చు. ఒక కుండ తెండి," అన్నాను.

ముందు సంగతి తెలుసుకోండి. గోదావరి మీద పోచంపాడు ఆనకట్టకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశాడు. దానినే శ్రీరాంసాగర్ అంటాం. కాకతీయ కాలువ మొదట్లో ఉన్న విద్యుత్ కేంద్రంలో 4 యంత్రాలున్నాయి. ఒక్కొక్కటి 9 మెగావాట్లది. నాలుగూ ఒక గంట తిరిగితే 36,000 యూనిట్లు వస్తాయి. 20 మీటర్ల ఎత్తునుంచి నీరు పడితే, ఒక్క యూనిట్టుకు సుమారు 20 వేల లీటర్లు కావాలి.

అయితే యంత్రం నీటిని తాగదు. దాన్ని తిప్పిన నీరే కాలువలో పడి పొలాలకు పోతుంది. కనుక తగవు నీరు ఎవరిదని కాదు, ఎప్పుడు వదలాలని. తొందరపడి వదిలితే యాసంగికి కొరత. పట్టుకుని కూర్చుంటే, పెద్ద వరద వచ్చినప్పుడు ఆనకట్ట 42 గేట్లలోంచి నీరు ఏ యంత్రాన్నీ తిప్పకుండానే పోతుంది. రెండూ జరిగేవే. 2015లో ఈ జలాశయం అడుగంటింది. మరుసటి ఏడే నిండి గేట్లెత్తారు!

ఇప్పుడు కుండ. పది చీటీల మీద 0, 1, 2, 2, 3, 4, 4, 5, 6, 8 అని రాశాం. ఒక్కొక్క చీటీ గడిచిన ఒక్కొక్క ఏడు, ఇకమీదట వచ్చిన వరద అనుకోండి. అంకెలు ఆటకోసం నేను కల్పించినవి. ఇంజనీర్లు నదిలో కొలిచిన అంకెలు వేస్తారు. జలాశయంలో 8 పాళ్ళు పడతాయి. ఇప్పుడు 4 ఉన్నాయి. యాసంగికి 6 కావాలి.

నీళ్ళు దాచామనుకోండి. 0, 1 వస్తేనే కొరత. అంటే పదింట 2 సార్లు. 5, 6, 8 వస్తే పొర్లిపోతుంది. పదింట 3 సార్లు. ఇప్పుడే 2 పాళ్ళు వదిలితే? పొర్లడం ఒక్కసారికి తగ్గుతుంది కాని, కొరత 5 సార్లకు పెరుగుతుంది! పిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టి సరిచూశారు.

"మరి కుండ ఎందుకు తాతా?" అన్నాడు జగిత్యాలవాడు.

మంచి ప్రశ్న. ఒక్క ఏటికి పది చీటీలే. వరసగా మూడేళ్ళకు 10×10×10, వెయ్యి దారులు! అప్పుడు చీటీ తీయడం, లెక్క వేయడం, మళ్ళీ కుండలో వేయడం, ఇట్లా వందలసార్లు చేస్తే చాలు. 1946లో ఉలాం అనే గణితవేత్త జబ్బునుంచి కోలుకుంటూ, ఒంటరిగా పేకాడుతూ ఈ ఉపాయం కనిపెట్టాడు. జూదానికి పేరుపడ్డ ఊరి పేరే దానికి పెట్టారు: మాంటీ కార్లో పద్ధతి. ఇప్పుడు చీటీలు కంప్యూటరు తీస్తుంది.

కాని కుండను నమ్మి నిద్రపోకూడదు. 112 టీఎంసీలు పట్టేలా కట్టిన శ్రీరాంసాగర్‌లో, పూడిక చేరి ఇప్పుడు సుమారు 80 మాత్రమే పడుతున్నాయి. నది పైన మహారాష్ట్రలో బాబ్లీ బ్యారేజీ వచ్చింది. నది మారితే చీటీలూ, పాళ్ళూ మార్చాలి.

సిరిసిల్ల మనుమడు కాసేపు ఆలోచించి, "కరెంటు రామగుండం నుంచైనా వస్తుంది. ఎండిన పైరు తిరిగి రాదు. 4 పాళ్ళున్నప్పుడు దాచడమే మేలు," అన్నాడు.

"7 పాళ్ళుంటేనో?" అన్నాను.

కోరుట్ల పిల్ల చీటీలు పరిచి చూసి, "దాస్తే పదింట 8 సార్లు పొర్లుతుంది. 2 పాళ్ళు వదిలినా కొరత ఒక్కసారే. వదలాలి తాతా!" అని ఒప్పుకుంది.

చూశారా? వరద వస్తుందో రాదో కుండ చెప్పలేదు. ఏది చేస్తే ఏ నష్టం ఎన్నిసార్లో చెప్పింది. ఏ నష్టం ఓర్చుకోగలమో మనమే తేల్చుకోవాలి. మీరూ ఒక కుండ తెచ్చి, జలాశయంలో 5 పాళ్ళున్నాయనుకుని లెక్క వేసి చూడండి.