మొబైల్ సిగ్నల్ పోయినా పనిచేసే జీపీఎస్: బైకు యాత్రకు ఏది కొనాలి?

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సొంతూరికి రైల్లో కాకుండా బైకు మీద బయలుదేరితే రాయపూర్, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా విశాఖపట్నం దాదాపు 700 కిలోమీటర్లు. బస్తర్ అడవుల్లో, కోరాపుట్ కొండల్లో మొబైల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ కూడా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

జీపీఎస్ రిసీవరుకు సెల్ టవరుతో పని లేదు. అది రేడియోలాగా వింటుంది, అంతే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తామెక్కడున్నదీ, తమ గడియారంలో సమయమెంతో ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి రిసీవరు దూరం లెక్కిస్తుంది. రేడియో తరంగాల వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. అంటే మైక్రోసెకను తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తప్పుతుంది! ఉపగ్రహంలో పరమాణు గడియారం ఉంటే మన పరికరంలో ఉండేది చవక క్వార్ట్జ్ గడియారం. దాని తప్పును సరిదిద్దడానికే మూడు ఉపగ్రహాలు చాలక నాలుగోది కావాలి.

నెట్‌వర్క్ పోతే మాయమయ్యేది మ్యాపు. మీరున్న బిందువు తెలుస్తుంది, చుట్టూ తెర ఖాళీగా ఉంటుంది. కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: మ్యాపులు పరికరంలోనే ఉంటాయా? బైకుల కోసం తయారుచేసిన గార్మిన్ జూమో వంటి వాటిలో ఉంటాయి. ఫోనైతే ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మ్యాపులను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫోను ఉపగ్రహాల వివరాలను ఇంటర్నెట్ ద్వారా త్వరగా తెచ్చుకుంటుంది. అడవి మధ్యలో ఆన్ చేస్తే వాటిని ఉపగ్రహం నుంచే నిదానంగా అందుకోవాలి. అందుకే బయలుదేరేటప్పుడే ఆన్ చేసి ఉంచడం మేలు.

కేశ్‌కాల్ మలుపుల్లో మరో చిక్కు ఉంది. సంకేతం కొండరాళ్లకు తగిలి ఆలస్యంగా చేరితే, మీరు పై మలుపులో ఉన్నా మ్యాపు కింది మలుపులో చూపవచ్చు. ఎల్1తో పాటు ఎల్5 సంకేతాన్నీ అందుకునే డ్యూయల్ బ్యాండ్ పరికరాలు ఇలాంటి ప్రతిఫలనాలను మెరుగ్గా వేరుచేస్తాయి. మన నావిక్ సంకేతాలను కూడా అందుకుంటే ఇంకా మంచిది.

చేతిలో మంచి ఫోనుండగా వేరే పరికరం ఎందుకని అడగవచ్చు. నెలకోసారి వెళ్లేవారికి అవసరమే, ఏడాదికోసారైతే ఫోను చాలు. అయితే ఎండలో ఫోను వేడెక్కి తెర మసకబారుతుంది. బైకు ఇంజిన్ కంపనాలు ఐఫోన్ కెమెరాను దెబ్బతీయవచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. కంపనాలను తగ్గించే హోల్డర్ వాడాలి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. వేగంగా వెళ్తుంటే ఎదురుకొట్టే వాన జల్లుకు అది పరీక్ష కాదు.

విదేశాల నుంచి తెప్పించుకునేవారు ఒకటి గమనించాలి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు వినడంతో ఆగవు, ప్రసారం కూడా చేస్తాయి. మనదేశంలో వీటికి, శాటిలైట్ ఫోన్లకు టెలికాం శాఖ అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా తెచ్చి విమానాశ్రయాల్లో పట్టుబడిన యాత్రికులున్నారు. శాటిలైట్ చందా కట్టమని అడిగిందంటే అది ఆ కోవలోదేనని అనుమానించవచ్చు.