షాపోళ్లు కంపెనీ అంటారు, కంపెనీవాళ్లు షాపు అంటారు.. మరి ఫిర్యాదు ఎవరికి?

ఖాజీపేట: ఎండాకాలం ముందు ఫ్రిజ్, కూలర్. పెళ్లిళ్ల సీజన్‌లో వాషింగ్ మెషిన్, బీరువా, మంచం. ఖాజీపేట మండలంలోని కుటుంబాలు ఇలాంటి పెద్ద సామాను కొనాలంటే మైదుకూరుకో, ప్రొద్దుటూరుకో, కడపకో పోతుంటాయి. కొనేరోజు మర్యాదలకు లోటుండదు. కుర్చీ వేస్తారు, చాయ్ తెప్పిస్తారు, "మన షాపే భాయ్, ఏమన్నా ఉంటే ఒక్క ఫోన్ కొట్టండి" అంటారు. కొన్నాళ్లకు ఫ్రిజ్ చల్లబడటం మానేసి ఫోన్ కొడితే అప్పుడు మాట మారుతుంది. "మాది అమ్మేవరకే, కంపెనీకి చేసుకోండి" అంటారు. కంపెనీ నంబరుకు చేస్తే ఇది నొక్కండి, అది నొక్కండి అని పది నిమిషాలు పాట వినిపించి లైన్ కట్ అవుతుంది. చివరికి ఎవరో మాట్లాడి "కొన్న షాపులో అడగండి" అంటారు.

ఈ ఇద్దరి మధ్య తిరిగి తిరిగి విసిగిపోయి, మళ్లీ జేబులోంచి డబ్బు పెట్టి బయటి మెకానిక్‌తో బాగు చేయించుకునే ఇళ్లే ఎక్కువ. నిజానికి చట్టం దగ్గర ఈ బంతాట చెల్లదు. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం (2019) ప్రకారం లోపమున్న సరుకు మీద అమ్మిన షాపు, తయారు చేసిన కంపెనీ రెండింటినీ ఒకే ఫిర్యాదులో చేర్చవచ్చు. తప్పు ఎవరిదో వాళ్లిద్దరూ కమిషన్ ముందు తేల్చుకోవాలి, కొన్నవాళ్లు కాదు.

బిల్లు వద్దంటే రెండు వేలు తగ్గుతుందట!

గొడవంతా మొదలయ్యేది ఇక్కడే. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్‌ల మీద జీఎస్టీ 18 శాతం. పన్ను కాకుండా 20,000 రూపాయల సరుకైతే పన్నే 3,600. "బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తా" అని షాపాయన చెప్తే మనకు లాభంగానే అనిపిస్తుంది. కానీ ఆ రెండు వేలకు మనం అమ్ముకున్నది వారంటీని. కంపెనీ మొదట అడిగేది బిల్లే. తెల్ల కాగితం మీద రాసిచ్చిన ఎస్టిమేట్ చూపిస్తే సర్వీసు సెంటర్ వాళ్లు నవ్వి పంపిస్తారు. బిల్లు ఇవ్వకపోవడాన్ని చట్టం 'అనుచిత వ్యాపార పద్ధతి' కింద పెట్టింది. అడగటం మన హక్కు, ఇవ్వటం వాళ్ల దయ కాదు.

బిల్లు పుస్తకం కింద సన్న అక్షరాలతో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంటుంది కదా. అది చూసి చాలామంది నోరు మూసుకుంటారు. రంగు నచ్చలేదని, మనసు మారిందని వాపసు అడిగితే షాపు కాదనవచ్చు. కానీ సరుకులోనే లోపముంటే ఆ అచ్చు అక్షరాలకు విలువ లేదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోపు, రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకును తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే.

థర్మల్ కాగితం బిల్లులు ఏడాది తిరక్కుండానే తెల్లబడిపోతాయి. కొన్నరోజే ఫొటో తీసి వాట్సాప్‌లో ఇంట్లోవాళ్లకు పంపి పెట్టుకుంటే సరి.

బిల్లు అబ్బా పేరున, మెషిన్ బిడ్డ ఇంట్లో

మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇది. నికాకు రెండు నెలల ముందే జహేజ్ సామాను కొంటారు. బిల్లు తండ్రి పేరున ఉంటుంది, సరుకు అట్టపెట్టె విప్పకుండానే అల్లుడి ఇంటికి పోతుంది. అక్కడ ఇల్లు సర్దుకుని, మెషిన్‌కు కుళాయి పెట్టించి, వాడటం మొదలుపెట్టేసరికి ఆరు నెలలు గడిచిపోతాయి. వారంటీ మాత్రం మామూలుగా బిల్లు తేదీ నుంచే లెక్క. ఏడాది వారంటీలో సగం పెట్టెలోనే కరిగిపోతుంది. జహేజ్ ఇవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. ఇచ్చేవాళ్లు మాత్రం సరుకు చేరిన వారంలోపే పెట్టె విప్పించి, ఇన్‌స్టలేషన్ చేయించి ఒకసారి నడిపి చూడాలి. లోపలి గాజు పగిలి ఉన్నా, డోర్ సొట్టపడి ఉన్నా ఆరు నెలల తర్వాత "మీ ఇంట్లోనే తగిలింది" అంటారు.

మరి బిల్లు తండ్రి పేరున ఉంటే బిడ్డ ఫిర్యాదు చేయవచ్చా? చేయవచ్చు. డబ్బిచ్చి కొన్నవాళ్లే కాదు, వాళ్ల సమ్మతితో ఆ సరుకు వాడుకునేవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. కొడుకు కువైట్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఖాజీపేటలో అమ్మీ ఇంటికి వచ్చిన టీవీకీ ఇదే వర్తిస్తుంది. కువైట్ నుంచి కార్గోలో వేసి పంపిన సామాను సంగతి వేరు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కొనేటప్పుడే కార్డు మీద చదువుకోవాలి. చాలావాటికి చెల్లదు.

ఇంకో మాట. వ్యాపారం కోసం కొన్న సరుకుకు ఈ చట్టం వర్తించదంటారు. నిజమే, కానీ బతుకుదెరువుకు సొంతంగా పని చేసుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. ఇంట్లో కుట్టుపని చేసుకునే ఆపా కొన్న కుట్టుమిషన్, చిన్న బిర్యానీ బండి నడిపే భాయ్ కొన్న ఫ్రిజ్ ఈ మినహాయింపులోకే వస్తాయి. "ఇది కమర్షియల్ వాడకం" అని ఎవరైనా అనగానే వెనక్కి తగ్గనక్కర్లేదు.

టెక్నీషియన్ వచ్చినరోజు

నోటిమాటకు ఇక్కడ పూచికపుల్ల విలువ కూడా ఉండదు. వచ్చినాయన చూసి "లో వోల్టేజీ వల్ల కాలిపోయింది, వారంటీ రాదు" అంటాడు. పల్లెల్లో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి నమ్మేస్తాం. కానీ చాలా ఫ్రిజ్‌ల మీద 'స్టెబిలైజర్ అవసరం లేదు' అని, ఎంత వోల్టేజీ నుంచి ఎంతవరకు తట్టుకుంటుందో స్టిక్కర్ అంటించే అమ్ముతారు. ఆ స్టిక్కర్‌ను ఫొటో తీసి, వోల్టేజీ ఎంత చూశాడో జాబ్ షీట్‌లో రాయమని అడగండి. రాయనంటే ఆ సంగతే కంపెనీకి ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పెట్టండి.

రిపేరు కాకుండానే "మీ కంప్లయింట్ క్లోజ్ అయింది" అని మెసేజ్ రావడం ఇప్పుడు మామూలైపోయింది. దీనికి కారణం ఓటీపీ. పని పూర్తయిందని కస్టమర్ చెప్పాలి కాబట్టి ఫోన్‌కు ఒక నంబరు వస్తుంది. "పార్ట్ తెచ్చి వేస్తాను, ముందు ఆ నంబరు చెప్పమ్మా" అంటాడు. చెప్పామా, వాళ్ల రికార్డులో ఫ్రిజ్ బాగైపోయినట్టే. మెషిన్ నడిచేదాకా ఆ నంబరు చెప్పకూడదు.

'కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ' అన్న పెద్ద అక్షరాల సంగతీ అంతే. పదేళ్లు ఆ ఒక్క భాగానికే. గ్యాస్ నింపడం, లేబర్ చార్జీ, మిగతా విడిభాగాలు చాలాసార్లు మొదటి ఏడాదికే పరిమితం.

వడ్డీ లేని వాయిదా నిజంగా వడ్డీ లేనిదేనా?

సూద్‌కు దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు 'నో కాస్ట్ ఈఎంఐ' బోర్డు చూసి ధైర్యంగా సంతకం పెడుతుంటాయి. లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు ఫ్రిజ్ ధర 24,000. నగదు ఇస్తే షాపాయన 22,500కు ఇస్తాడు. వాయిదాల్లో అయితే నెలకు 2,000 చొప్పున 12 నెలలు, పైన ప్రాసెసింగ్ ఫీజు 500. మొత్తం 24,500. అంటే 2,000 ఎక్కువ. పేరు మార్చినంత మాత్రాన అది మాయమవదు. 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు, సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని, క్రెడిట్ కార్డు వాయిదా పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాస్తున్నారని బ్యాంకులకు చెప్పింది. కాబట్టి షాపులో అడగాల్సిన ప్రశ్న "వడ్డీ ఎంత" అని కాదు, "నగదు ఇస్తే ఎంత" అని.

ఫ్రిజ్ చెడిపోయిందని కోపంతో వాయిదాలు ఆపేసేవాళ్లూ ఉన్నారు. అప్పు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ, సరుకు అమ్మింది షాపు. అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. వాయిదా ఆపితే సిబిల్ స్కోరు పడిపోయేది మనదే.

ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా షాపుకు, కంపెనీకి ఇద్దరికీ ఒకే ఉత్తరం, తెలుగులోనే అయినా సరే, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. కొన్న తేదీ, బిల్లు నంబరు, ఫిర్యాదు నంబర్లు, ఏం కావాలో (రిపేరా, మార్చి ఇవ్వడమా, డబ్బు వాపసా) రాసి, 15 రోజుల గడువు ఇస్తే చాలు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సైటు గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఇది కోర్టు కాదు, కంపెనీని బలవంతం చేయలేదు. అయినా టోల్ ఫ్రీలో నెలలు నానిన ఫిర్యాదు ఇక్కడి నుంచి వెళ్తే పెద్ద కంపెనీలు కదులుతుంటాయి.

అప్పటికీ కాకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలు కొత్త చట్టం ఇచ్చింది. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. వకీలు కావాలనుకునే మహిళలు, ఆదాయంతో పనిలేకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా అడగవచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. చట్టం ప్రకారం మూడు నెలల్లో, సరుకును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలి. ఆచరణలో వాయిదాలు పడుతూ ఏళ్లు పట్టే కేసులున్నాయి, ఆ ఓపికతోనే దిగాలి. డబ్బు వాపసు ఆదేశాల్లో కమిషన్లు మామూలుగా వడ్డీ కలుపుతాయి. అది వద్దనుకునేవాళ్లు ఫిర్యాదులో ధర, నష్టపరిహారం మాత్రమే కోరుకోవచ్చు. ఆదేశాన్ని లెక్కచేయకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం మరువద్దు. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకొద్దు. బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో, అట్టపెట్టె మీదో ఉన్న నంబరుకే చేయాలి. సర్వీసు సెంటర్ పేరుతో దొంగలు పెట్టిన నంబర్లు అక్కడ చాలా ఉంటాయి. "పది రూపాయలు పంపి రిజిస్టర్ చేసుకోండి", "ఈ యాప్ వేసుకోండి" అన్నారంటే ఫోన్ పెట్టేయాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే చెప్తేనే ఆపడానికి వీలుంటుంది.