మోకాలి మార్పిడి తర్వాత బలం కోల్పోయేది తొడ

మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవారిని పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది 'కాలు ఎంత వంగుతోంది?' అని. 90 డిగ్రీలు దాటితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కాలు వంగాలి, నిటారుగా చాపగలగాలి కూడా. అయితే కోలుకోవడానికి వంపే కొలమానం అనుకోవడం అపోహ. కుర్చీలోంచి లేవాలన్నా, మెట్లెక్కాలన్నా, బస్సు దిగాలన్నా భారం మోసేది తొడ ముందున్న పెద్ద కండరం, క్వాడ్రిసెప్స్. నడక, మెట్లెక్కే సామర్థ్యం అన్నవి నొప్పికన్నా, వంపుకన్నా ఈ కండరం బలంతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నాయని 2005లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

'పెద్ద కోత పడింది, కొన్నాళ్లు పడుకుంటే బలం అదే వస్తుంది' అన్న మాటే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో, ఆపరేషన్ అయిన నెలకు క్వాడ్రిసెప్స్ బలం సుమారు 60 శాతం పడిపోయింది. కండరం పరిమాణం తగ్గింది మాత్రం 10 శాతమే. అంటే కండరం చాలావరకు అక్కడే ఉంది, దానికి ఆజ్ఞే సరిగా అందడం లేదు. కీలులో వాపు ఉన్నంతకాలం అక్కడి నాడులు పంపే సంకేతాలు వెన్నుపాము దగ్గరే ఈ కండరాన్ని అణచిపెడతాయి. దీనికి కోత కూడా అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లలోకి సెలైన్ ఎక్కించి 1984లో పరీక్షిస్తే, 20, 30 మిల్లీలీటర్లకే తొడ లోపలివైపు కండర భాగం మందగించింది. విశ్రాంతి ఈ అడ్డును తొలగించదు సరికదా, కొత్త నష్టం తెస్తుంది. ఏ జబ్బూ లేని వృద్ధులు 10 రోజులు మంచం మీదే ఉంటే కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007 నాటి పరిశోధన చెబుతోంది.

'బరువు వేస్తే పెట్టిన కీలు కదిలిపోదా?' అన్న భయం సహజం. సిమెంటుతో అమర్చిన కీలు ఆపరేషన్ బల్ల మీదే, నిమిషాల్లో గట్టిపడుతుంది. అందుకే ఆ రోజో మర్నాడో వాకర్ సాయంతో నిలబెడతారు. సిమెంటు లేని కీలుకు, ఇతర చిక్కులున్నవారికి సర్జన్ మాటే ప్రమాణం. దీనికన్నా బలమైన ఆక్షేపణ మరొకటుంది. 162 మందితో జరిగి 2017లో వెలువడిన ప్రయోగంలో మొదటి వారాల్లో కఠినంగా వ్యాయామం చేసినవారికి, తేలికగా చేసినవారికి తేడా కనిపించలేదు. మరి కష్టపడటం ఎందుకు? ఆ ప్రయోగంలో ఊరికే పడుకున్న బృందం లేదు, ఇద్దరూ వ్యాయామం చేసినవారే. పైగా కఠిన వ్యాయామం హాని చేయలేదు. నాకు తోచేదేమంటే, తొలి వారాల్లో హద్దు గీసేది వాపు. అప్పుడు ఐస్ పెట్టుకోవడం, కాలు ఎత్తుగా ఉంచుకోవడం, రోజులో పలుమార్లు తొడ బిగించి వదలడం, ఫిజియోథెరపిస్టు సూచిస్తే కండరానికి విద్యుత్ ప్రేరణ ఇప్పించుకోవడం అసలు పని. చేసిన మర్నాడు వాపు పెరిగితే మోతాదు తగ్గించాలి, మానేయకూడదు. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే కాలు నిటారుగా చాపలేని స్థితి వస్తుంది, దిండు మడమ కింద ఉండాలి. పిక్క వాచి నొప్పెడితే నూనె మర్దన చేయవద్దు, అది రక్తం గడ్డ కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

'రోజూ నడుస్తున్నాం, అది చాలదా?' అంటారు. చదును నేల మీద నడకలో బలహీనమైన కాలు తప్పించుకుంటుంది, భారమంతా రెండో కాలి మీదకు జరుగుతుంది. కుర్చీలోంచి లేచేటప్పుడూ అంతే. అందుకే రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేసి చేతుల ఊతం లేకుండా లేవడం, ఆపరేషన్ అయిన కాలితో పీట ఎక్కడం, చీలమండకు బరువు కట్టి కాలు చాపడం, ఆ బరువును క్రమంగా పెంచడం కావాలి. 'ఈ వయసులో కండ వస్తుందా?' అనేవారికి 1990 నాటి ఒక అధ్యయనం జవాబు చెబుతుంది. వృద్ధాశ్రమంలోని 90 ఏళ్ల వయసువారు 8 వారాలు బరువులతో సాధన చేస్తే తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. మన దగ్గర చాలామంది కుట్లు మాని, వాకర్ పక్కన పెట్టగానే ఫిజియోథెరపీ ఆపేస్తారు. వాపు తగ్గి, కండరానికి ఆజ్ఞ అందడం మొదలై, బరువు వేస్తే నిజంగా బలపడే కాలం అప్పుడే మొదలవుతుంది.