ద్వారం వద్దనే సమాధానం

పరీక్షా ఫలితాలు చూపే వెబ్‌సైటును తీసుకోండి. మీ మార్కులను ప్రోగ్రాము డేటాబేసు నుండి అప్పటికప్పుడు తెచ్చి కూర్చాలి. కళాశాల చిహ్నం, పుట రంగులను నిర్ణయించే ఫైలు మాత్రం అందరికీ ఒక్కటే. ఇటువంటివి స్టాటిక్ ఫైళ్లు.

పైథాన్ భాషలో రచించిన ప్రోగ్రాముకూ, సర్వరుకూ మధ్య సంభాషణ ఎలా సాగాలో డబ్ల్యు.ఎస్.జి.ఐ. అనే ఒడంబడిక 2003లో నిర్దేశించింది. ఆ రెండింటి నడుమ నిలిచేదే మిడిల్‌వేర్. మన ప్రబంధాలలోని ద్వారపాలకుని వంటిది. ఎవరైనా చిహ్నాన్ని కోరితే తానే ఇచ్చి పంపుతుంది. మార్కులు కోరితే లోపలికి విడుస్తుంది.

అయితే ద్వారపాలకుడు అమాయకుడైతే ముప్పే. కంప్యూటరు చిరునామాలో రెండు చుక్కలకు 'పై ఫోల్డరుకు వెళ్లు' అని అర్థం. అడిగిన పేరును పరిశీలించకుండా ఫోల్డరు పేరుకు జోడిస్తే, దుర్బుద్ధి గలవాడు ఆ చుక్కల మెట్లెక్కి డేటాబేసు రహస్యపదం ఉన్న ఫైలునే చదవగలడు. అప్పుడు మార్కులన్నీ వాని చేతిలోనివే!

వైట్‌నాయిజ్ అనే మిడిల్‌వేర్ దీనికి చక్కని ఉపాయం పాటిస్తుంది. సర్వరు ప్రారంభమైనప్పుడే ఫోల్డరులోని ఫైళ్లన్నింటికీ పట్టిక తయారుచేసుకుంటుంది. పట్టికలో లేని పేరును ఎంత నేర్పుగా రాసినా అది ఫైలును ఇవ్వదు. జాంగోలో దీనిని రక్షణ మిడిల్‌వేర్‌కు వెనువెంటనే, తక్కిన వాటికన్న ముందు ఉంచాలి. వరుస తప్పితే చిహ్నం కోసం వచ్చినవాడు కూడా అనవసరమైన తనిఖీలన్నీ దాటవలసి వస్తుంది.

విద్యార్థులు పంపే ఫోటోలకు ఈ మార్గం పనికిరాదు. అవి సర్వరు మొదలైన తరువాత చేరినవి కనుక పట్టికకెక్కవు. వాటికి వేరొక ఏర్పాటు కావాలి.