ఫారం కోడి పెరటికొస్తే...

మీ పెరట్లో నాలుగు నాటుకోళ్ళుంటే వాటి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి గంప కింద మూసి పొద్దున్నే వదిలేస్తే వాటి తిండి అవే ఏరుకుంటాయి. నేను చెప్పబోయేది ఫారం కోడి సంగతి. గుడ్ల ఫారంలో పని అయిపోయి, కోతకి లారీ ఎక్కాల్సిన కోడి మన చేతిలో పడితే ఏం చెయ్యాలన్నది.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఈ చుట్టుపక్కలా, అటు అనపర్తి, మండపేట వైపూ గుడ్ల ఫారాలు ఎన్నున్నాయో మీకు తెలిసిందే. మా మరిది ఒక ఫారంలో పనిచేస్తాడు. 2023లో కార్తీకమాసం వెళ్ళిన వారానికి అక్కడ షెడ్డు ఖాళీ చేశారు. కాళ్ళు పట్టు తప్పి లేవలేని ఆరు కోళ్ళని లారీవాడు వద్దన్నాట్ట. వాటిని గోనెసంచిలో వేసుకొచ్చి "కూర వండెయ్ వదినా" అన్నాడు. సంచి విప్పి చూశాక నాకు కత్తిపీట దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. మెడ మీద ఈకల్లేవు. తురాయి తెల్లగా పాలిపోయి ఒక పక్కకి వాలిపోయింది. ముక్కు కొస కత్తిరించేసి ఉంది. గోళ్ళు పొడుగ్గా పెరిగి వంకర తిరిగాయి. "ఇవి కోళ్ళా, ఈకలు పీకేసిన బొమ్మలా?" అన్నారు మా అత్తగారు.

ఆరింట్లో ఒకటి మర్నాటికే పోయింది. ఆ తప్పు నాదే. నాటుకోడిని పట్టుకున్నట్టే రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని తలకిందులుగా పెరట్లోకి తీసుకెళ్ళాను. నడుస్తుండగా పుల్ల విరిగినట్టు చేతిలో చప్పుడైంది. కాలు విరిగిందని గంప కింద పెట్టాక గానీ తెలియలేదు. అంత సులువుగా ఎలా విరిగిందో మా పశువుల డాక్టరు గారు చెబితే అర్థమైంది.

నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గొప్ప. ఫారం కోడి 300 దాటి పెడుతుంది. ఒక్కో గుడ్డు పెంకుకి సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. మేతలో వచ్చింది చాలకపోతే అది తన ఎముకల్లోంచే తీసి ఇస్తుంది. దానికితోడు పుస్తకంలో పేజీ అంత చోటులో, తీగల గూట్లో ఏడాదికి పైగా నిలబడే ఉంటుంది. నడవదు, ఎగరదు. ఇంక ఎముకలో బలం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? వరసగా కాన్పులైన మన పాతకాలపు ఆడవాళ్ళకి నడుములు ఊరికే పడిపోయేవా? (ఈ మాట అంటే మావారు నవ్వారు. మా అత్తగారు నవ్వలేదు.)

అందుకని అన్నిటికన్నా ముందు పట్టుకోవడం నేర్చుకోవాలి. కాళ్ళు పట్టి ఎత్తకండి, రెక్క పట్టి లాగకండి, వెనకనుంచి తరమకండి. కింద కూర్చుని పక్కనుంచి మెల్లిగా రెండు చేతులూ చాచండి. రెక్కలు ఒంటికి ఆనేలా రెండువైపులా అరచేతులు వేసి, పైకెత్తగానే ఒక చెయ్యి రొమ్ము కిందకి పోనిచ్చి, దాని కాళ్ళు మీ వేళ్ళ మధ్య ఉండేలా పట్టుకోండి. బరువంతా మీ అరచేతి మీదే ఉండాలి. చంకలో పెట్టుకుని పైటకొంగు తల మీద కప్పితే చీకటనుకుని ఊరుకుంటుంది. మరీ గట్టిగా నొక్కితే ఊపిరాడదు, అది చూసుకోండి. దించేటప్పుడు కూడా పై నుంచి వదలకుండా, కాళ్ళు నేలకి ఆనాకే చెయ్యి తియ్యాలి. మా అమ్మాయికి ఇది రెండు రోజుల్లో పట్టుబడింది. నాకే వారం పట్టింది.

నీళ్ళ దగ్గర ఇంకో చిత్రం. గిన్నె నిండా పెట్టి ముందుంచితే అవి దాని వంక కూడా చూడలేదు. ఫారంలో గొట్టానికున్న నిపుల్ పొడుచుకుని తాగడమే వాటికి తెలుసు. లోతులేని మూకుట్లో నీళ్ళు పోసి, ముక్కు కొస మాత్రం తడిపి వదలండి. రెండుమూడు సార్లు చేస్తే ఒకటి నేర్చుకుంటుంది, దాన్ని చూసి మిగతావి నేర్చుకుంటాయి. ముక్కు పై రంధ్రాల దాకా ముంచకండి.

మేత ఒక్కసారిగా మార్చకూడదు. మనింట్లో మిగిలిన అన్నం పెడితే కడుపు నిండుతుంది గానీ సత్తువ రాదు. మొదటి రెండు వారాలూ కొట్లో దొరికే లేయర్ మేతే కోడికి రోజుకి 110 గ్రాముల లెక్కన పెట్టి, తర్వాత కొంచెం కొంచెంగా నూకలు, తవుడు, తోటకూర కలిపాను. నలగ్గొట్టిన ఆల్చిప్ప విడిగా చిప్పలో పెడితే ఎంత కావాలో అంత అవే తింటాయి. ఈకలు రావడానికి రొయ్యపొట్టు బాగా పనిచేసింది. అయితే ఉప్పు పట్టించింది మాత్రం వద్దు. ఎక్కువ ఉప్పు కోడికి విషమే.

కొత్త కోళ్ళని పాతవాటిలో వెంటనే కలపకండి. కనీసం మూడు వారాలు దూరంగా వేరే చోట ఉంచాలి. రోగం ఏదన్నా ఉంటే ఆ లోపల బయటపడుతుంది. కొక్కెర తెగులు టీకా ఎప్పుడు వేశారో ఫారంవాళ్ళనీ, మళ్ళీ ఎప్పుడు వెయ్యాలో డాక్టరు గారినీ అడగండి. మందులేమన్నా వాడారేమో కూడా కనుక్కుని, వాడితే ఆ గుడ్లు ఎన్నాళ్ళు తినకూడదో డాక్టరు గారినే అడగాలి.

ఆ తర్వాత వారం పాటు మధ్యలో వల కట్టి, ఒకళ్ళనొకళ్ళు చూసుకోనిచ్చాను. కలిపేది రాత్రిపూటే, చీకట్లో గూట్లో పక్కపక్కన పెట్టి. అయినా తెల్లారేసరికి మా నల్లపెట్ట కొత్త కోడి మెడ మీద పొడిచి నెత్తురు చూపించింది. కోళ్ళకి ఎరుపు కనిపిస్తే ఇక ఆగవు, అన్నీ కలిసి పొడుస్తాయి. గాయమైనదాన్ని వెంటనే వేరుచేసి, డాక్టరు గారు చెప్పిన ఊదా రంగు మందు రాస్తే ఎరుపు కనపడకుండా పోయింది. రెండు చోట్ల మేత పెడితే పోట్లాట సగం తగ్గుతుంది. పుంజుని మాత్రం వీపు మీద ఈకలు వచ్చేదాకా దగ్గరికి రానివ్వకండి. దాని గోళ్ళకి ఆ పల్చటి చర్మం చీరుకుపోతుంది.

దండెం ఎత్తుగా కడితే దూకబోయి కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి. జానెడు ఎత్తు చాలు, కింద ఊక పోయండి. కోడిపేలకి పొడిమట్టి, కట్టెల బూడిద కలిపి ఒక మూల పోస్తే అందులో పొర్లాడతాయి. తీగల మీద పెరిగినవి గదా, మట్టి చూసి నాలుగు రోజులు భయపడ్డాయి. అయిదో రోజు ఒకటి కాలితో గీకింది. ఆ పూట నా చేతిలో పప్పు మాడింది.

2025 ఫిబ్రవరిలో వేల్పూరులోనూ, కానూరు అగ్రహారంలోనూ బర్డ్‌ఫ్లూ అని భోపాల్ ల్యాబు నుంచి తేలినప్పుడు మా ఇంట్లో అందరికీ గుండె జారిపోయింది. కిలోమీటరు లోపలివి చంపేస్తారనీ, పది కిలోమీటర్ల దాకా నిఘా అనీ చెప్పారు. మా ఊరు ఆ గీతకి కాస్త అవతల పడింది. "ఉచితంగా వచ్చిన కోళ్ళకోసం పిల్లల ఆరోగ్యం పణం పెడతావా?" అన్నారు మావారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కోళ్ళని నెలన్నర బయటికి వదల్లేదు. మేత గిన్నె దగ్గరికి పిట్టలు రాకుండా వల కట్టాను. గూడు ఊడ్చేటప్పుడు ముక్కుకి గుడ్డ, చేతికి తొడుగు, వచ్చాక సబ్బుతో కడుక్కోవడం. పిల్లల్ని ఆ వైపే వెళ్ళనివ్వలేదు. ఒక్కటి నలతపడినా డాక్టరు గారికి చెప్పి ఆయన ఏమంటే అది చేద్దామని ఇద్దరం అనుకున్నాం. అదృష్టం, ఏదీ నలతపడలేదు. మీరు మాత్రం చావులు మొదలైన ఫారం నుంచి జాలిపడి కూడా కోడిని తెచ్చుకోవద్దు. కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే ఒట్టి చేత్తో ముట్టుకోకుండా, కాలవలో పారెయ్యకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి.

ఆరింట్లో ఇప్పుడు రెండున్నాయి. ఒకటి నేను చెప్పిన మొదటి రోజుది. ఇంకోదానికి గుడ్డు అడ్డుపడింది, గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టినా దక్కలేదు. ఒకదాన్ని ముంగిస పట్టుకుపోయింది, మరొకటి మొన్న ఎండల్లో పోయింది. గుడ్లకోసమే అయితే తెచ్చుకోకండి, మేత ఖర్చు కూడా రాదు. రెండూ కలిసి వారానికి ఒకటో రెండో పెడతాయి, చలికాలంలో అదీ లేదు.

గుడ్డు లేకుండా మేత ఎందుకని అత్తగారు అడుగుతూనే ఉంటారు. సాయంత్రం గూడు తలుపు వేశారా లేదా అని రోజూ నన్ను అడిగేదీ ఆవిడే.