ర్యాంకు వచ్చాక సీటు వచ్చేదాకా: తల్లిదండ్రులు చేయాల్సిన పని



ఎంట్రన్స్ పరీక్ష కోసం పిల్లలు రెండేళ్లు రాత్రీపగలూ చదువుతారు. ర్యాంకు వచ్చాక కాలేజీల జాబితా రాయడానికి మాత్రం చాలా ఇళ్లలో ఒక్క పూట కూడా కేటాయించరు. చివరి రోజు నెట్ సెంటర్‌కు వెళ్లి, అక్కడ కూర్చున్న అబ్బాయి చెప్పినట్టు నాలుగు కాలేజీలు పెట్టించి వచ్చేస్తారు. ఎంత మంచి ర్యాంకు వచ్చినా సీటు ఇచ్చేది ఆ జాబితా చూసే. అందులో ఉన్న వరుస పిల్లల నాలుగేళ్ల చదువును నిర్ణయిస్తుంది.

పరీక్షకు కోచింగ్ బడిలో ఇస్తాం. దరఖాస్తుకు కోచింగ్ మాత్రం బడి, ఇల్లు కలిసి ఇవ్వాల్సిందే. మన బత్తలపల్లి చుట్టుపక్కల తల్లిదండ్రులకు పనికొచ్చే విషయాలను ఈ నెల వివరంగా చూద్దాం.

ముందు కాగితాలు

పడుగు సరిగ్గా సిద్ధం చేసుకోకుండా మగ్గం మీద కూర్చుంటే ఏమవుతుందో ధర్మవరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. దరఖాస్తుకు పడుగు లాంటివి సర్టిఫికెట్లు.

పదో తరగతి మార్కుల మెమోలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లో కూడా అలాగే ఉన్నాయా అన్నది మొదట చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక ఆధార్ కేంద్రాల దగ్గర క్యూలో నిలబడే తీరిక ఉండదు.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, మార్కుల మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలి. మధ్యలో బడి మారిన పిల్లలైతే పాత బడికి వెళ్లి స్టడీ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోండి.

బీసీ కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. రాష్ట్ర కాలేజీలకు పనికొచ్చే బీసీ సర్టిఫికెట్ ఐఐటీ, ఎన్‌ఐటీలకు చాలదు. వాటికి కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు కాబట్టి అది కూడా చూసుకోండి. ఈ సర్టిఫికెట్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ రెండూ కౌన్సెలింగ్ జరిగే సంవత్సరం ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవై ఉండాలి. నిరుడు తీసుకున్నది బీరువాలో భద్రంగా ఉన్నా లాభం లేదు.

బెంగళూరులో ఇంటర్ చదివిస్తే?

హిందూపురం, పెనుకొండ వైపు వాళ్లకు విజయవాడ కంటే బెంగళూరే దగ్గర. అక్కడ ఉద్యోగాలు చేసే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. పదో తరగతి కాగానే పిల్లల్ని అక్కడ పీయూసీలో చేర్పించాలని ఆలోచించే తల్లిదండ్రులు ముందు ఈ రెండు విషయాలు తెలుసుకోవాలి.

మొదటిది స్థానికత. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ వంటి కోర్సుల కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకే. పాత అనంతపురం జిల్లా అంతా శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో మనం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినా ఆ పరిధి మారలేదు. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ పరిధిలో చదివితే ఇక్కడ స్థానికులు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఇంటర్ కోసం విజయవాడ వైపు పంపినా, ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఎక్కువ ఏళ్లు చదివిన ప్రాంతం లెక్కలోకి వస్తుంది. ఇంటర్ రాష్ట్రం దాటితే మాత్రం ఈ రెండు లెక్కలూ తప్పుతాయి.

రెండోది ఎన్‌ఐటీలు. ప్రతి ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు ఉంటాయి. ఇక్కడ సొంత రాష్ట్రం అంటే పుట్టిన రాష్ట్రం కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. బెంగళూరులో పీయూసీ పాసైతే తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీ ఆంధ్రప్రదేశ్‌లో మన కోటా పోతుంది, సూరత్కల్ ఎన్‌ఐటీలో కర్ణాటక కోటా వస్తుంది. పంపాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఏది వదులుకుంటున్నారో తెలిసి పంపండి.

ఆప్షన్ల వరుస ఎలా పనిచేస్తుంది?

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "మా వాడికి ఆ కాలేజీ రావడం కష్టం. దాన్ని మొదట పెడితే తర్వాతవి కూడా పోతాయేమో?"

పోవు. కంప్యూటర్ సీట్లను ర్యాంకుల వరుసలో కేటాయిస్తుంది. మీ అమ్మాయి ర్యాంకు వంతు వచ్చినప్పుడు ఆమె మొదటి ఆప్షన్ చూస్తుంది. ఆమె రిజర్వేషన్, స్థానికత ప్రకారం అక్కడ సీటు ఉంటే ఇస్తుంది. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది చూస్తుంది. ఇదంతా ఆమె వంతులోనే జరిగిపోతుంది. ఆమె కంటే వెనక ర్యాంకు వాళ్ల వంతు ఆ తర్వాతే.

ఉదాహరణకు మీ అమ్మాయి మొదట అనంతపురం జేఎన్‌టీయూలో కంప్యూటర్ సైన్స్, రెండు అక్కడే ఈసీఈ, మూడు ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పెట్టింది అనుకుందాం. మొదటి రెండూ దొరక్కపోతే మూడోది వస్తుంది. ఆ ప్రైవేటు కాలేజీనే మొదట పెట్టి ఉన్నా వచ్చేది అదే సీటు. కానీ అలా పెడితే, జేఎన్‌టీయూలో సీటు మిగిలి ఉన్నా కంప్యూటర్ అటు చూడదు. భయపడి ఇష్టమైనదాన్ని కిందకు తోస్తే నష్టపోయేది మనమే.

కాబట్టి సూత్రం ఒక్కటే. నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అది పైన, తర్వాత ఇష్టమైనది దాని కింద. వస్తే చేరడానికి సిద్ధంగా లేని కాలేజీని అసలు రాయవద్దు. నిరుటి చివరి ర్యాంకులు చూసుకుని, మీ ర్యాంకుకు తప్పకుండా అందేవి కూడా కింద తగినన్ని ఉంచండి. పది ఆప్షన్లతో ఆపేసి సీటు రాలేదని బాధపడటం కంటే యాభై రాయడం మేలు.

రెండో విడతలో జాగ్రత్త

మన ఈఏపీసెట్‌లో మొదటి విడతలో వచ్చిన సీటు చేతిలో ఉండగా రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టవచ్చు. అక్కడ కొత్త సీటు వస్తే పాత సీటు దానంతటదే రద్దవుతుంది. మళ్లీ కావాలన్నా ఇవ్వరు. అందుకే రెండో విడతలో ఇప్పుడున్న సీటు కంటే మేలైనవే రాయాలి. "ఏం వస్తుందో చూద్దాం" అని రాస్తే ఉన్నది పోగొట్టుకుంటారు.

ఐఐటీ, ఎన్‌ఐటీల సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్ పద్ధతి వేరు. అక్కడ ఆప్షన్ల జాబితా మొదట్లో ఒక్కసారే ఇస్తారు. తర్వాతి రౌండ్లలో మార్చడానికి వీల్లేదు. సీటు వచ్చాక ఫీజు కట్టి మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఇది చాలు అంటే ఫ్రీజ్. జాబితాలో పైన ఉన్నది ఏ కాలేజీలో వచ్చినా మారతాను అంటే ఫ్లోట్. ఇదే కాలేజీలో మెరుగైన బ్రాంచి వస్తేనే మారతాను అంటే స్లైడ్.

ఇంటర్ మార్కులను తేలిగ్గా తీసుకోనివ్వకండి. ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులదే. ఎన్‌ఐటీలో చేరాలంటే జనరల్, ఓబీసీ పిల్లలకు ఇంటర్‌లో 75 శాతం మార్కులైనా ఉండాలి, లేదా తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి.

పాస్‌వర్డ్ ఇంట్లోనే ఉండాలి

కౌన్సెలింగ్ రోజుల్లో బస్సు ఉచితం, ల్యాప్‌టాప్ ఇస్తాం, ఆప్షన్లు మేమే పెడతాం అంటూ ఫోన్లు వస్తాయి. హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. రిజిస్ట్రేషన్‌లో నెట్ సెంటర్ వాళ్ల నంబరు కాకుండా మీ ఇంట్లో ఉండే ఫోన్ నంబరే ఇవ్వండి. జాబితాను ముందు తెల్లకాగితం మీద రాసుకుని, పిల్లల చేతే కంప్యూటర్‌లో ఎక్కించి, సేవ్ అయ్యాక ప్రింట్ తీసి వరుస సరిపోయిందో లేదో చూసుకోండి.

ఇంట్లో జరగాల్సిన మాట

ఏటా ఈ సమయంలో మనసు కష్టపెట్టే సంఘటనలు కొన్ని జరుగుతుంటాయి. దూరపు కాలేజీలో మంచి సీటు వస్తుంది. "అమ్మాయిని అంత దూరం పంపలేం" అని ఇంట్లో అప్పుడు అంటారు. ఆ మాట ముందే తెలిస్తే ఆమె దగ్గరి కాలేజీల్లో మంచి బ్రాంచి కోసం జాబితా వేరేలా రాసుకునేది. ఎంత దూరం పంపగలం, హాస్టల్‌కు ఎంత పెట్టగలం, అప్పు చేయాల్సి వస్తే ఎంతవరకు చేస్తాం అన్నవి పరీక్షల ముందే పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పండి. వాళ్లకు అర్థమవుతుంది. అలాగే వాళ్ల మాట కూడా వినండి. నాలుగేళ్లు ఆ పుస్తకాలతో గడపాల్సింది వాళ్లే. పక్కింటి అబ్బాయి తీసుకున్న బ్రాంచి కాబట్టి మనవాడూ తీసుకోవాలని లేదు.

దారులు రెండే కాదు

మన ఊళ్లోని ఆర్డీటీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకసారి గమనించండి. అక్కడ డాక్టర్లతో పాటు నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉంటేనే వైద్యం నడుస్తుంది. నర్సింగ్, ఫిజియోథెరపీ, పారామెడికల్ కోర్సులకు డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్లు ఇస్తుంది. బైపీసీ పిల్లలకు ఈఏపీసెట్‌తో అగ్రికల్చర్ బీఎస్సీ ఉంది. అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీకి సీయూఈటీ రాయాలి. పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి విద్యాసంస్థలో ట్యూషన్ ఫీజు తీసుకోరు, ప్రవేశ పరీక్ష వాళ్లే పెడతారు.

పదో తరగతి పిల్లలకు ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీల్లో పది మార్కులతో ఆరేళ్ల కోర్సు ఉంది. అక్కడ ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుందని తెలిసి దరఖాస్తు చేయండి. పాలిసెట్ రాసి డిప్లొమా చేసినవాళ్లు తర్వాత ఈసెట్‌తో ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

తొమ్మిది, పది తరగతుల పిల్లలుంటే పేర్లు, పుట్టిన తేదీలు సరిచూడండి. ఇంటర్ మొదటి ఏడాది పిల్లలుంటే స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైలులో పెట్టండి. రెండో ఏడాది పిల్లలుంటే ఒక ఆదివారం కేటాయించి, తెల్లకాగితం మీద మొదటి ఇరవై ఆప్షన్లు వాళ్లతోనే రాయించండి. ర్యాంకు వచ్చాక దాన్ని మార్చుకోవచ్చు. నిబంధనల్లో ఏటా చిన్న మార్పులు వస్తుంటాయి కాబట్టి ఆ సంవత్సరం నోటిఫికేషన్ కూడా చదవండి. ఎక్కడైనా సందేహం వస్తే ఆ కాగితం, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని, మీ అబ్బాయినో అమ్మాయినో వెంటబెట్టుకుని బడికి రండి. కూర్చుని వరుసగా చూద్దాం.