పలక మీద పూత

రక్తపరీక్షలో జబ్బు ఉన్నదని వస్తే ఇల్లంతా దిగులుపడుతుంది. ఆ ఫలితం వెనుక ఉన్న ఒక ప్లాస్టిక్ పలకను గురించి పాఠకులకు మనవి చేస్తున్నాము.

1971లో స్వీడన్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మాన్ ప్రకటించిన ఎలీసా పరీక్షను నేడు సాధారణంగా 96 గుంటల పాలిస్టైరీన్ పలకలో చేస్తారు. జబ్బు జాడ పట్టే ప్రొటీను గుంట గోడకు తనంతట తానే అంటుకుంటుంది. జాడ దొరికితే రంగు తేలుతుంది. కాని మిగిలిన ఖాళీలో పరాయి ప్రొటీనులు చేరితే, లేని జబ్బుకూ రంగు రావచ్చు. అందుకే ఆ ఖాళీని పాల ప్రొటీనుతో ముందే కప్పుతారు. పాలిఇథిలీన్ గ్లైకాల్ వంటి పూతలైతే పరాయివాటిని దరిజేరనీయవు. కావలసిన ప్రొటీనును వాటి కొనలకు రసాయనికంగా బంధిస్తారు.

ఎంత జాగ్రత్తపడినా పొరపాటుకు తావుంటుంది. కనుక మొదటి ఫలితానికే కుంగిపోక, వైద్యులు మరొక పరీక్షతో నిర్ధారించేదాకా ఓపిక పట్టుదాము.